13 ఆటలు గెలిచినా గుమ్మం బయటే

2023 డిసెంబర్ 3, ఆదివారం. అమెరికాలోని టాలహాసీలో ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ కుర్రాళ్ళంతా ఒకచోట కూర్చుని టీవీ చూస్తున్నారు. ముందు రోజు రాత్రే షార్లట్‌లో లూయీవిల్‌ను ఓడించి తమ కాన్ఫరెన్స్ (కాలేజీ జట్ల లీగ్) ఏసీసీ కప్పు ఎత్తారు. సీజన్‌లో ఆడినవి 13, గెలిచినవి 13. దేశానికి చాంపియన్‌ను తేల్చే ప్లేఆఫ్‌లో ఒక ఎంపిక కమిటీ ఇచ్చే సీట్లు నాలుగు. ఆ వారం వాళ్ళ ర్యాంకు కూడా నాలుగే. నాలుగో ర్యాంకులో ఉండి, కప్పు గెలిచి వచ్చినవాడు కిందికి జారతాడని ఎవరు అనుకుంటారు? మిషిగన్, వాషింగ్టన్, టెక్సస్ పేర్లు వచ్చాయి. నాలుగో సీటు అలబామాకు వెళ్ళింది. ఆ క్షణంలో ఆ పిల్లల ముఖాలు దేశమంతా లైవ్‌లో చూసింది.

అయిదు పెద్ద కాన్ఫరెన్సుల్లో ఒకదాన్ని ఓటమి లేకుండా గెలిచిన జట్టును నాలుగు జట్ల ప్లేఆఫ్‌లోకి రానివ్వకపోవడం అంతకు ముందు ఎప్పుడూ జరగలేదు. దీన్ని ఇప్పటికీ చాలామంది "కమిటీ చేసిన పొరపాటు" అంటున్నారు. నేను ఒప్పుకోను. పొరపాటంటే లెక్క తప్పడం. ఇక్కడ ఎవరి లెక్కా తప్పలేదు. 13 మంది సభ్యుల కమిటీ అన్నీ తెలిసి, చర్చించి, ఓటేసి తేల్చింది. "మీరు ఓడిపోలేదు నిజమే, కానీ ఇకముందు ఓడిపోతారని మాకు అనిపిస్తోంది" అని. నా గొడవంతా ఆ "అనిపిస్తోంది" అన్న మాటతోనే.

ఆ సీజన్ గుర్తున్నవాళ్ళకు వివరాలు అక్కర్లేదు, కానీ కొన్ని చెప్పకుండా ఉండలేను. కోచ్ మైక్ నార్వెల్ 2020లో వచ్చినప్పుడు ఫలితం 3-6, అంటే మూడు గెలుపులు, ఆరు ఓటములు. 2021లో మొదటి నాలుగు ఆటలూ పోయాయి. అందులో ఒకటి జాక్సన్‌విల్ స్టేట్ అనే చిన్న జట్టు చేతిలో, ఆఖరి బంతికి. టాలహాసీలో అప్పుడు ఆయన్ని పంపించేయమని అడగనివాళ్ళు తక్కువ. 2022లో 10-3. అక్కడి నుంచి 2023 సెప్టెంబర్‌లో ఆర్లాండోలో అయిదో ర్యాంకు లూయిజియానా స్టేట్‌ను (ఎల్‌ఎస్‌యూ) 45-24తో చిత్తు చేయడంతో కథ మొదలైంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైన ఆట సెప్టెంబర్ 23న క్లెమ్సన్‌లో జరిగింది. క్లెమ్సన్ చేతిలో వరుసగా ఏడుసార్లు ఓడిన జట్టు ఇది. నాలుగో క్వార్టర్‌లో కూడా ఏడు పాయింట్లు వెనకే ఉంది. ఆ దశలో కేలెన్ డెలోచ్ క్లెమ్సన్ క్వార్టర్‌బ్యాక్ (బంతి విసురుతూ జట్టు దాడిని నడిపించేవాడు) చేతిలోంచి బంతి రాలగొట్టి, అదే బంతి అందుకుని టచ్‌డౌన్ దాకా, అంటే అవతలి గీత దాటేదాకా పరిగెత్తాడు. స్కోరు సమం. తర్వాత క్లెమ్సన్‌కు దగ్గర నుంచి ఫీల్డ్ గోల్ (బంతిని కాలితో స్తంభాల మధ్యకు తన్నడం) కొట్టే అవకాశం దొరికింది, కొట్టలేకపోయారు. ఓవర్‌టైమ్‌లో ఫ్లోరిడా స్టేట్ క్వార్టర్‌బ్యాక్ జోర్డన్ ట్రావిస్ విసిరిన బంతిని కియోన్ కోల్మన్ పట్టుకున్నాడు. 31-24. క్వార్టర్‌బ్యాక్ ఆఖర్లో ఆటను ముగించాడు, సరే. అసలు ఓవర్‌టైమ్ దాకా తీసుకొచ్చింది ఎవరు? ఒక డిఫెన్స్ కుర్రాడు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అవసరం పడుతుంది.

ట్రావిస్ కాలు విరిగింది నవంబర్ 18 రాత్రి, నార్త్ అలబామా మీద. మొదటి క్వార్టర్‌లోనే. అప్పటికి పది గెలిచి వచ్చిన జట్టు ఇంకా ఖాతా తెరవకముందే ప్రత్యర్థికి 13 పాయింట్లు వచ్చేశాయి. సొంత మైదానం నిశ్శబ్దంగా ఉండిపోయింది. కెప్టెన్‌ని బండి మీద బయటికి తీసుకెళ్ళారు. ఆ తర్వాత ఆ జట్టు వరసగా 58 పాయింట్లు చేసింది, ప్రత్యర్థికి ఒక్కటి కూడా ఇవ్వలేదు. 58-13.

వారం తిరిగేసరికి గేన్స్‌విల్‌లో, ఆగర్భ శత్రువైన ఫ్లోరిడా మీద, రెండో క్వార్టర్‌బ్యాక్ టేట్ రోడ్‌మేకర్ ఆడాడు. మొదట వెనకబడ్డారు, చివరికి 24-15తో గెలిచారు. అందులో రోడ్‌మేకర్ తలకు దెబ్బ తగిలింది. డిసెంబర్ 2న ఏసీసీ ఫైనల్. ఇద్దరు క్వార్టర్‌బ్యాక్‌లూ లేరు. మూడోవాడు బ్రాక్ గ్లెన్, కాలేజీలో చేరి ఏడాది కూడా కాని కుర్రాడు, జీవితంలో మొదటిసారి ఆట మొదటి నిమిషం నుంచి దిగడం ఏకంగా ఫైనల్లో.

అతని అంకెలు నేను దాచను. 21 పాసులు విసిరితే 8 మాత్రమే చేరాయి, 55 గజాలు. కమిటీ చూసింది ఈ అంకెలే. నేను చూసింది మిగతా ఆట. లారెన్స్ టొఫీలీ ఒక్క పరుగులో 73 గజాలు దాటాడు. డిఫెన్స్‌లో జేరెడ్ వెర్స్, బ్రేడెన్ ఫిస్క్ కలిసి లూయీవిల్ క్వార్టర్‌బ్యాక్‌ను ఊపిరి తీసుకోనివ్వలేదు. లూయీవిల్ ఒక్క టచ్‌డౌన్ కూడా చేయలేకపోయింది. 16-6. చూడ్డానికి అందంగా లేదు. ఇంట్లో పెద్దవాడు మంచాన పడితే మిగిలినవాళ్ళు తలా ఒక చెయ్యి వేసి పెళ్ళి జరిపించేస్తారే, అలా గెలిచారు. వంటలో ఉప్పు తగ్గి ఉండొచ్చు. పెళ్ళి మాత్రం జరిగింది.

ఇలాంటి గెలుపును గొప్పతనమనాలా, బలహీనత అనాలా? దెబ్బ మీద దెబ్బ తగిలినా ఓడనివాణ్ని మన భాషలో గట్టివాడు అంటాం. కమిటీ భాషలో అతను "మునుపటి జట్టు కాదు". కమిటీ చైర్మన్ బూ కొరిగన్ టీవీలో చెప్పిన సారాంశం అదే, ట్రావిస్ లేని ఫ్లోరిడా స్టేట్ మొదటి 11 వారాలు మనం చూసిన జట్టు కాదని.

ఆయన గాలిలోంచి మాట్లాడలేదు. కమిటీ నిబంధనల్లో ఒక వాక్యం ఉంది. ముఖ్యమైన ఆటగాళ్ళు, కోచ్‌లు అందుబాటులో లేకపోవడం సీజన్‌లో జట్టు ఆటను దెబ్బతీసి ఉంటే, లేదా ముందు జరగబోయే ఆటను దెబ్బతీసేలా ఉంటే, దాన్ని లెక్కలోకి తీసుకోవచ్చని. ఈ వాక్యంలో రెండు సగాలున్నాయి. మొదటి సగం న్యాయమైనదే. ఫలానా వాడు గాయపడి లేని రోజున ఒక జట్టు ఓడితే ఆ ఓటమిని కాస్త దయగా చూడమంటుంది. జరిగినదాన్ని అర్థం చేసుకోవడానికి పనికొచ్చే మాట. రెండో సగం అలాంటిది కాదు. జరగనిదాన్ని జరిగినట్టే లెక్క కట్టమంటుంది. గాయపడినవాడిని ఆదుకోవడానికి రాసినట్టు కనిపించే వాక్యం, చివరికి గాయపడినవాడి మీదే వేటు వేసింది.

సరే, భవిష్యత్తునే చూస్తారనుకుందాం. సవ్యంగా చూశారా? నాలుగో సీటువాళ్ళకు మిషిగన్‌తో సెమీఫైనల్ జనవరి 1న. మధ్యలో నాలుగు వారాలు. తలకు దెబ్బ తగిలిన రోడ్‌మేకర్ అప్పటికి కోలుకుంటాడని అనుకోవడానికి అన్ని కారణాలూ ఉన్నాయి. అంటే మిషిగన్ మీద బహుశా ఆడని మూడో క్వార్టర్‌బ్యాక్ ఒక్క రాత్రి ఆటను చూసి, రెండో క్వార్టర్‌బ్యాక్ ఆడబోయే జట్టు మీద తీర్పు చెప్పారు. పైగా గేన్స్‌విల్‌లో రోడ్‌మేకర్‌తో గెలిచాక ఇదే కమిటీ వాళ్ళను నాలుగో ర్యాంకులో ఉంచింది. అప్పుడు ట్రావిస్ కాలు విరగలేదా? వారంలో మారింది ఒకటే. అలబామా జార్జియాను 27-24తో ఓడించింది. సీటు అవసరమైనవాడు ఒకడు కొత్తగా వచ్చాడు. అప్పుడు గుర్తొచ్చింది ట్రావిస్ కాలు.

ఇక 2014 సంగతి. ప్లేఆఫ్ పుట్టిన మొదటి ఏడాది. ఒహాయో స్టేట్ మొదటి క్వార్టర్‌బ్యాక్ సీజన్ మొదలవకముందే గాయపడ్డాడు. రెండోవాడు జె.టి. బారెట్ మిషిగన్ మీద ఆడుతూ గాయపడ్డాడు. మూడోవాడు కార్డేల్ జోన్స్. అతను మొదటిసారి ఆట ఆరంభించింది కాన్ఫరెన్స్ ఫైనల్లోనే, అచ్చం బ్రాక్ గ్లెన్ లాగే. విస్కాన్సిన్ మీద 59-0. అప్పటికే ఒహాయో స్టేట్‌కు సొంత మైదానంలో వర్జీనియా టెక్ చేతిలో ఒక ఓటమి ఉంది. అయినా కమిటీ వాళ్ళకు నాలుగో సీటిచ్చింది. ఆఖరి ఆటను 55-3తో గెలిచిన టెక్సస్ క్రిస్టియన్ (టీసీయూ) మూడో ర్యాంకు నుంచి ఆరుకు పడిపోయింది. ఆ మూడో క్వార్టర్‌బ్యాక్‌తోనే ఒహాయో స్టేట్ మొదట అలబామాను 42-35తో, తర్వాత ఆరెగాన్‌ను 42-20తో ఓడించి దేశానికి చాంపియన్ అయింది.

59-0 ఎక్కడ, 16-6 ఎక్కడ అంటారా? ఒప్పుకుంటాను, రెండూ ఒకటి కాదు. కానీ ఆ ఏడాది విస్కాన్సిన్ ఆటకు ముందు రోజు కార్డేల్ జోన్స్ గురించి ఎవరినైనా అడిగి ఉంటే ఏం చెప్పేవారు? ఒక్క ఆట కూడా ఆరంభించనివాడు, అతనితో కష్టం అనేవారు. జోన్స్ ఏమిటో తెలిసింది అతన్ని ఆడనిచ్చాక. ప్లేఆఫ్ అనేది పుట్టిందే అందుకు. అంతకు ముందు ఫైనల్ ఎవరు ఆడాలో ఓట్లు, కంప్యూటర్లు తేల్చేవి. ఆ గొడవలు భరించలేకే మైదానంలో తేల్చుకుందామని ప్లేఆఫ్ పెట్టుకున్నారు. పెట్టుకుని, గుమ్మం దగ్గర మళ్ళీ ఓట్లే వేశారు.

ఈ ఆట అలవాటు లేని మన పాఠకులు ఉంటారు. వాళ్ళ కోసం క్రికెట్‌లోకి వస్తాను. అది పక్కదారి అని నేను అనుకోను, ఎందుకంటే తేదీలు కూడా పక్కపక్కనే ఉన్నాయి. ట్రావిస్ కాలు విరిగిన మరుసటి రోజే, నవంబర్ 19న, అహ్మదాబాద్‌లో మన జట్టు వరల్డ్ కప్ ఫైనల్ ఆడింది. పదికి పది గెలిచి వచ్చింది. ఆ దారిలో మనకూ ఒక గాయం ఉంది. అక్టోబర్ 19న పుణెలో బంగ్లాదేశ్ మీద హార్దిక్ పాండ్యా చీలమండ మెలితిరిగి బయటికి వెళ్ళిపోయాడు. జట్టు బ్యాలెన్స్ మొత్తం అతని మీదే ఉందని అప్పటిదాకా టీవీల్లో అందరూ చెబుతున్నదే. అతను పోయాక బెంచి మీద నుంచి వచ్చినవాడు మహమ్మద్ షమీ. సెమీఫైనల్లో వాంఖెడేలో ఒక్కడే ఏడు వికెట్లు తీశాడు, టోర్నీ మొత్తంలో 24. పుణె తర్వాత ఏదో కమిటీ కూర్చుని, పాండ్యా లేని భారత్ మునుపటి జట్టు కాదు, సెమీస్‌కు మరొకరిని పిలుద్దాం అని ఉంటే మనం ఊరుకునేవాళ్ళమా?

ఆ ఫైనల్లో ఓడిపోయాం. ఆ రాత్రి ఏడవని ఇల్లు లేదు. కానీ ఎవరూ అన్యాయం అనలేదు. ట్రావిస్ హెడ్ సెంచరీ కొట్టి తీసుకెళ్ళాడు, మన కళ్ళ ముందే. ఓడిపోవడం వేరు, ఆడనివ్వకపోవడం వేరు. మొదటిది కొన్నాళ్ళు బాధిస్తుంది. రెండోది మనసులోంచి పోదు.

అంతకంటే పెద్ద ఉదాహరణ 2021 జనవరి. అడిలైడ్‌లో 36 పరుగులకు ఆలౌటైన జట్టు. కోహ్లీ ఇంటికి వెళ్ళాడు. షమీ, ఉమేశ్, జడేజా, అశ్విన్, బుమ్రా ఒకరి తర్వాత ఒకరు గాయాలతో తప్పుకున్నారు. సిడ్నీలో మన కాకినాడ కుర్రాడు హనుమ విహారి తొడ కండరం పట్టేసి నడవలేని స్థితిలో 161 బంతులు ఎదుర్కొని 23 నాటౌట్‌గా నిలబడి మ్యాచ్ కాపాడాడు. ఆ దెబ్బతో తర్వాతి టెస్టుకు అతనూ లేడు. బ్రిస్బేన్‌లో దిగిన అయిదుగురు బౌలర్లకు కలిపి ఉన్న అనుభవం నాలుగు టెస్టులు. అందులో ఒకటి శార్దూల్ ఠాకూర్ మన ఉప్పల్‌లో ఆడినది, పది బంతులేసి గాయంతో వెళ్ళిపోయిన టెస్టు. ఆ గుంపుకు సీనియర్ ఎవరంటే రెండు టెస్టులు ఆడిన మన హైదరాబాద్ సిరాజ్. ఆ పర్యటనలోనే తండ్రి పోయారు, అయినా అక్కడే ఉండిపోయాడు. గబ్బాలో అయిదు వికెట్లు తీశాడు. 1988 తర్వాత ఆస్ట్రేలియా ఒక్క టెస్టు కూడా ఓడని మైదానంలో మనవాళ్ళు మూడు వికెట్ల తేడాతో గెలిచారు. కాగితం మీద లెక్క వేసే ఏ కమిటీ అయినా ఆ జట్టును ఆ మైదానంలోకి పంపేదా?

అందుకే జోర్డన్ ట్రావిస్ ఆ ఆదివారం సోషల్ మీడియాలో పెట్టిన మాటలు చదివినప్పుడు నాకు విహారి, సిరాజ్ గుర్తొచ్చారు. నా కాలు సీజన్‌లో ఇంకా ముందే విరిగి ఉంటే బాగుండేది, ఈ జట్టంటే క్వార్టర్‌బ్యాక్ ఒక్కడే కాదని అందరూ చూసేవాళ్ళు అన్న అర్థంలో రాశాడు. కాలు విరిగి మంచం మీద ఉన్న కుర్రాడు, తన గాయం వల్ల స్నేహితులు నష్టపోయారని కుమిలిపోతూ రాసిన మాట అది. అతని చేత ఆ మాట అనిపించడానికి కారణం మైదానంలో జరిగిన గాయం కాదు. సమావేశం గదిలో తీసుకున్న నిర్ణయం.

అవతలివాళ్ళ వాదన కూడా చెప్పాలి. కమిటీ పని అర్హత ఉన్న నాలుగింటిని కాదు, మెరుగైన నాలుగింటిని ఎంచడం అంటారు. అలబామా రెండుసార్లు చాంపియన్ అయిన జార్జియాను ఓడించింది, ఫ్లోరిడా స్టేట్ షెడ్యూల్ అంత కఠినం కాదు అంటారు. అన్నిటికంటే గట్టిగా చూపించేది డిసెంబర్ 30 ఆరెంజ్ బౌల్. బౌల్ అంటే సీజన్ అయ్యాక పెట్టే ప్రత్యేక ఆట. జార్జియా 63, ఫ్లోరిడా స్టేట్ 3. బౌల్ ఆటల చరిత్రలోనే అంత తేడా లేదు. చూశారా, మేమన్నదే నిజమైంది అంటారు. ఆ రోజు మైదానంలోకి దిగినవాళ్ళ జాబితా చూడండి. రెండు డజన్లకు పైగా ఆటగాళ్ళు లేరు. రోడ్‌మేకర్ లేడు, కోల్మన్ లేడు, వెర్స్ లేడు, ట్రే బెన్సన్ లేడు. వాళ్ళు తప్పుకోవడాన్ని నేను సమర్థించను, తోటివాళ్ళను ఆ స్థితిలో వదిలి వెళ్ళకూడదు. కానీ చాంపియన్‌షిప్ అవకాశం ఉండి ఉంటే వాళ్ళలో ఒక్కడైనా వెళ్ళేవాడా? పరీక్ష హాల్లోకి రానివ్వకుండా, తర్వాత కాగితం తెల్లగా ఉందని చూపించడం లాంటి వాదన ఇది. మెరుగైనదని ఎంచిన అలబామా కూడా రోజ్ బౌల్‌లో, అంటే ఆ జనవరి 1 సెమీఫైనల్లో, మిషిగన్ చేతిలో 27-20తో ఓడింది.

మరి అలబామానే ఎందుకు? ఆ జట్టుకు ఓటమి ఉంది, అదీ సొంత మైదానంలో, టెక్సస్ చేతిలో పది పాయింట్ల తేడాతో. నవంబర్ 25న ఆబర్న్ మీద నాలుగో డౌన్‌లో, అంటే ఆఖరి ప్రయత్నంలో, 31 గజాలు కావాల్సినప్పుడు, ఆఖరి నిమిషంలో ఒక్క పాస్ తగిలి బయటపడింది. అదే వారాంతంలో రెండో క్వార్టర్‌బ్యాక్‌తో ఫ్లోరిడా స్టేట్ తొమ్మిది పాయింట్ల తేడాతో గెలిచింది. ఎవరిది బలం, ఎవరిది అదృష్టం?

నేను కుట్ర సిద్ధాంతాలు నమ్మేవాణ్ని కాదు. ఆటలు ప్రసారం చేసే ఈఎస్‌పీఎన్ ఫోన్ చేసి చెప్పిందనీ, డబ్బు చేతులు మారిందనీ అనను. అంత అవసరం కూడా లేదు. అలబామా, జార్జియాల కాన్ఫరెన్స్ పేరు ఎస్‌ఈసీ. ప్లేఆఫ్ మొదలైన నాటి నుంచి ఎస్‌ఈసీ జట్టు లేని ఏడాది లేదు. ఆ రోజు ఫ్లోరిడా స్టేట్‌ను ఉంచితే ఎస్‌ఈసీ నుంచి ఎవరూ ఉండరు. అలబామా కోచ్ నిక్ సేబన్ లేని, ఆ ఎర్ర జెర్సీ లేని ప్లేఆఫ్‌ను ఆ గదిలోవాళ్ళు ఊహించుకోలేకపోయారు. ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేదు. పేరు ముందే గదిలోకి వచ్చి కూర్చుని ఉంటుంది. సందేహం వచ్చినప్పుడల్లా చెయ్యి ఆ పేరు వైపే లేస్తుంది.

ఈ పేరు జబ్బు గురించి నాకు అమెరికా ఫుట్‌బాల్ చెప్పాల్సిన పని లేదు. నేను చదివింది జిల్లా కేంద్రం కూడా కాని ఒక ఊళ్ళో. చివరి సంవత్సరంలో ఒక కంపెనీ వచ్చి నాలుగైదు కాలేజీలకు కలిపి రాత పరీక్ష పెట్టింది. పాసైనవాళ్ళ పేర్లు గోడ మీద అంటించారు. మా కాలేజీ నుంచి ఆరుగురం ఉన్నాం. ఇంటర్వ్యూ రోజు తెల్లవారుజామున బస్సెక్కి వెళ్ళాం. మా నాన్న తన ఇస్త్రీ చొక్కా ఇచ్చారు. సాయంత్రం దాకా వరండాలో కూర్చోబెట్టి, మీ కాలేజీ వాళ్ళను ఈసారి ఇంటర్వ్యూకి తీసుకోవడం లేదు, పై నుంచి చెప్పారు అన్నారు. మేం రాసింది అదే పేపరు. మాకంటే తక్కువ మార్కులొచ్చినవాళ్ళు, పెద్ద పేరున్న కాలేజీవాళ్ళు, లోపలికి వెళ్ళి వస్తూనే ఉన్నారు. ఇంటర్వ్యూలో ఓడిపోయి ఉంటే నేను ఇంతకాలం గుర్తుపెట్టుకునేవాణ్ని కాదు. నన్ను అడగాల్సిన ప్రశ్నలు ఎవరూ అడగలేదు, అదే గుర్తుండిపోయింది.

ఈ రోజు కూడా మన రెండు రాష్ట్రాల్లో వేల మంది పిల్లలు అదే వరండాలో కూర్చుని ఉన్నారు. కాకపోతే ఇప్పుడు వరండా కంప్యూటర్లో ఉంది. టైర్-1, టైర్-3 అని కాలేజీలకు బొట్లు పెట్టి, రెజ్యూమె తెరవకముందే పక్కకు తోసేస్తారు. అడిగితే అదే సమాధానం. గతంలో అక్కడి నుంచి వచ్చినవాళ్ళు నిలబడలేదు, మీరూ నిలబడరని అంచనా. కోడింగ్ పరీక్షలో నీకు ఎన్ని మార్కులొచ్చాయన్నది వాళ్ళకు ప్రశ్న కాదు. నువ్వు ఎలాంటివాడివై ఉండొచ్చన్నది ప్రశ్న. 13-0 అని చూపిస్తే, సరే కానీ నీ క్వార్టర్‌బ్యాక్ ఎవరు అని అడగడం కూడా అదే.

ఫలితం కళ్ళ ముందు ఉండగా అంచనాను నమ్మడం తెలివి అనుకునేవాళ్ళు పెరిగిపోయారు. అంచనా అవసరమైన చోటు ఉంది. ఇంకా ఆడనివాడి విషయంలో అంచనా వేయాలి, వేరే దారి లేదు. ఆడి, గెలిచి, రుజువు చేతిలో పెట్టినవాడి విషయంలో అంచనా వేయడం అతన్ని అవమానించడం. లూయీవిల్‌ను ఆరు పాయింట్లకు కట్టేసిన డిఫెన్స్‌కు ఇంకేం రుజువు కావాలి? ఆ డిఫెన్స్ ఏపాటిదో అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌కు తెలుసు. కాలేజీ ఆటగాళ్ళను ఆ లీగ్ జట్లు వరసగా ఎంచుకునే 2024 డ్రాఫ్ట్‌లో ఈ ఒక్క జట్టు నుంచి పది మందిని తీసుకున్నారు. వెర్స్ 19వ స్థానంలో, ఫిస్క్ 39వ స్థానంలో, ఇద్దరూ లాస్ ఏంజెలిస్ రామ్స్‌కే. వెర్స్ ఆ ఏడాది లీగ్ మొత్తానికి ఉత్తమ కొత్త డిఫెన్స్ ఆటగాడయ్యాడు. మిషిగన్ మీద ఆడడానికి పనికిరారన్నది వీళ్ళనే.

తర్వాత జరిగింది తెలిసిందే. సెనేటర్ ఉత్తరం రాశాడు, గవర్నర్ కోర్టు ఖర్చులకు డబ్బిస్తానన్నాడు, అటార్నీ జనరల్ విచారణ అంది. రాజకీయ నాయకుల హడావుడి అది, వదిలేద్దాం. డిసెంబర్ 22న యూనివర్సిటీ తన కాన్ఫరెన్స్ మీదే కోర్టుకెక్కింది. ఆ కేసు 2025 మార్చిలో రాజీతో ముగిసింది. 2024లో జట్టు డబ్లిన్‌లో జార్జియా టెక్ చేతిలో ఓడి, అక్కడి నుంచి 2-10 దాకా జారిపోయింది. దీన్ని కూడా 2023 లెక్కలో వేసి మాట్లాడేవాళ్ళున్నారు. పది మంది డ్రాఫ్ట్‌కు వెళ్ళిపోయాక మిగిలిన జట్టు అది. దాని ఓటమికి అదే జవాబుదారీ. అలా అయితే 2025 ఆగస్టు 30న ఇదే ఫ్లోరిడా స్టేట్ ఇదే అలబామాను 31-17తో ఓడించింది కదా, దాన్ని కూడా 2023 ఖాతాలో వేద్దామా? నేను వేయను.

ప్లేఆఫ్ 2024 నుంచి 12 జట్లకు పెరిగింది కాబట్టి గొడవ తీరిందని కొందరంటారు. తీరలేదు, కిందికి జరిగింది. 2025 డిసెంబర్‌లో నోటర్‌డామ్, మయామీ రెండూ 10-2. ఆగస్టు 31న ముఖాముఖి ఆడినప్పుడు మయామీ 27-24తో గెలిచింది. అయినా వారాల తరబడి కమిటీ నోటర్‌డామ్‌నే పైన ఉంచింది, బాగా ఆడుతున్నట్టు కనిపిస్తోందని. ఆఖరి రోజు మాత్రమే ఫలితం వైపు మొగ్గింది. నోటర్‌డామ్ కోపంతో బౌల్ ఆటే వద్దనుకుంది. మరి చివరి వరసలో లోపలికొచ్చిన ఆ మయామీ ఏం చేసింది? టెక్సస్ ఏ అండ్ ఎంను ఓడించింది. ఒహాయో స్టేట్‌ను ఓడించింది. ఓల్ మిస్‌ను ఓడించింది. ఫైనల్లో ఇండియానా చేతిలో ఆరు పాయింట్ల తేడాతో ఆగింది. ఎవరూ అంచనా వేయనిది జరగడానికి కావలసింది ఒక్కటే, తలుపు తెరిచి ఉండడం.

నేను అడిగేది పెద్ద సంస్కరణ కాదు. ఆ నిబంధనలోని రెండో సగాన్ని తీసేయండి. ఆటగాడు లేకపోవడం వల్ల జరిగిన ఓటమిని దయగా చూడండి, జరగబోయే ఓటమిని మాత్రం మీరు రాయకండి. పెద్ద కాన్ఫరెన్స్‌ను ఓటమి లేకుండా గెలిచిన జట్టుకు సీటు హక్కుగా రావాలి, ఓటుతో కాదు. ఇప్పటి 12 జట్ల పద్ధతిలో ఓటమి లేని చాంపియన్‌ను బయట పెట్టడం కష్టం కాబట్టి ఇది అక్కర్లేదనొచ్చు. కానీ ఆ వాక్యం ఉన్నంతకాలం ఎవరికి ఏ సీడ్ ఇవ్వాలి, ఎవరు సొంత మైదానంలో ఆడాలి, చివరి సీటు ఎవరిది అన్న ప్రతి చోటా ఎవరిదో ఒకరి విరిగిన కాలు లెక్కలోకి వస్తూనే ఉంటుంది.

జోర్డన్ ట్రావిస్‌ను న్యూయార్క్ జెట్స్ అయిదో రౌండ్లో తీసుకుంది. కాలు కుదురుకోలేదు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒక్క ఆట కూడా ఆడకుండా 2025 ఏప్రిల్‌లో, 24 ఏళ్ళకే రిటైరయ్యాడు. అతను ఆడిన ఆఖరి ఆట ఆ నార్త్ అలబామా ఆటే. రెండు వారాల తర్వాత షార్లట్‌లో అతని జట్టు కప్పు గెలిచిన రాత్రి, మొదటిసారి ఆట ఆరంభించిన బ్రాక్ గ్లెన్ మైదానంలో ఉన్నాడు. రోజ్ బౌల్‌కు ఇంకా ముప్ఫై రోజులుంది. ఆ రాత్రికి వాళ్ళు నాలుగో ర్యాంకు జట్టు.